కడిగిన గాజుపలకలు

గత నెల చివరి ఆదివారం, ఆరాధనకు మొదటి గంట కొడుతుండగా, మన బడి టీచరమ్మ పోయింది. పదకొండు రోజుల జ్వరం. ఆస్పత్రి నుంచి నేను నడిచి వచ్చేసరికి గుడి ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. లోపల పాట అవుతోంది. అది అయ్యేదాకా బయటే నిలబడ్డాను. తర్వాత పాస్టరుగారికి చెప్పాను. ఆయన మీ అందరికీ చెప్పారు.

ఆమె నా భార్య. పదహారేళ్ల కాపురం. పిల్లలు లేరు.

సంఘం పత్రికకి నాలుగు మాటలు రాయమని అడిగారు. ఓర్పుగల టీచరని, ప్రార్థనాపరురాలని సభలో చెప్పారు. అవి నిజమే, మళ్లీ చెప్పను. కానీ ఆమె గురించి మీ అందరికీ తెలిసిన ఒక సంగతి నిజం కాదు. అది సరిచేయడానికే కలం పట్టుకున్నాను. అంతకుముందు ఆమె సముద్రం ఒడ్డున ఏం చేసేదో చెప్పాలి. లేకపోతే మీకు అర్థం కాదు.

ఆమెది బందరు. నాది మెదకు వైపు. పెళ్లయ్యేదాకా నేను సముద్రం చూడలేదు. చూశాక భయపడ్డాను. మొదటిసారి తీసుకెళ్లిన రోజు తాటిచెట్ల దగ్గరే ఆగిపోయాను.

"ఏంటండీ, అక్కడే నిలబడిపోయారు? అది అంతదూరం రాదు."

"వస్తే?"

"వస్తే ఇద్దరం పరిగెడదాం. చీరతో కూడా మీకంటే నేనే ముందుంటాను."

నేను భయస్తుణ్ని. ఇది మొదటే చెప్పడం మంచిది. చీకటికి, పైఅధికారికి, కుక్కకి, తపాలా జవాను చేతిలో కవరుకి, అన్నిటికీ నాకు భయం. దఫ్తరులో తర్జుమా పని నాది. ఉర్దూ కాగితాన్ని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు కాగితాన్ని ఉర్దూలోకి మార్చడం. ఒక మాట తప్పుపోతే ఏమవుతుందో అనే భయంతోనే ఇరవై ఏళ్లు గడిచాయి. ఆమెకి అలాంటి భయాలు లేవు. నా భయాన్ని చూసి నవ్వేది కాదు. దాన్ని ఇంట్లో ఉన్న మూడో మనిషిలాగా సర్దుకుపోయేది.

ఆమెకి చదువు చెప్పిన దొరసాని స్వదేశం వెళ్లిపోతూ తన కెమెరా ఇచ్చిపోయింది. చెక్కపెట్టె, తోలు మడతలు, మూడు కాళ్ల స్టాండు. ఫిల్ము చుట్ట కాదు, గాజుపలకలు వేసేది. ఒక్కసారికి ఆరు పలకలే పడతాయి. సెలవులకి బందరు వెళ్లినప్పుడల్లా పొద్దున్నే ఒడ్డుకి బయలుదేరేది. స్టాండు నేను మోసేవాణ్ని. ఆరు పలకలకి నాలుగు మైళ్లు నడిచేది. మొదటి రెండు మైళ్లు కెమెరా తెరిచేదే కాదు.

"సముద్రాన్ని చూడ్డానికి అందరూ వస్తారండీ. అది వదిలేసి వెళ్లింది ఎవరూ చూడరు" అనేది.

అలలు, పడవలు, సూర్యోదయం, ఇవేవీ ఆమె తీయలేదు. నేల తీసేది. వడ్రంగి చేత ఒక చెక్కముక్క ఏటవాలుగా కోయించి, స్టాండు మీద బిగించి, కెమెరా ముఖం నేలకి వంచింది. చిన్న పీతలు తమ బొరియ చుట్టూ వేసే ఇసుక ఉండలు. ఆల్చిప్ప చుట్టూ నీరు తిరిగిన జాడ. వల లాగిన చోట తాడు గీత. అన్నిటికంటే ఎక్కువగా, అల వెనక్కి పోయాక ఒడ్డు మీద మిగిలిన నీరు జారిపోతూ ఇసుకలో గీసే కాలువలు. ఒక గీత రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, వేళ్లలాగా విడిపోతాయి. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడే అవి తేలతాయి. ఎండ నెత్తిమీదికి వస్తే నేల చదునైపోతుంది.

అది చిన్నదో పెద్దదో తెలియడానికి పక్కన రూపాయి బిళ్లో, అగ్గిపెట్టో పెట్టమని ఒకసారి అన్నాను.

"పెట్టను. ఎంత పెద్దదో అదే చెప్పుకోవాలి" అంది.

ఒక్క పలకలో మాత్రం ఆమె కాలి బొటనవేలు పడింది. పెద్ద నదిలాంటి కాలువ పక్కన కొండంత బొటనవేలు. చెడిపోయిందని విసుక్కుంది. పారేయలేదు మరి.

అమీర్‌పేటలో మా ఇల్లు మీలో చాలామందికి తెలుసు. రెండు గదులు, వెనక స్నానాల గది. ఆ గది కిటికీకి నల్ల కంబళి కట్టి, దీపానికి ఎర్ర కాగితం చుట్టి, పలకలు అక్కడే కడిగి బొమ్మ తేల్చేది. కాగితం మీద దింపిన ఫోటోలు వాకిట్లో తాడుకి చీరల మధ్య ఆరేవి. పక్కింటి చాచా వాటిని చూడ్డానికి రోజూ వచ్చేవాడు. గడిచిన లడాయిలో బస్రా దాకా వెళ్లివచ్చిన సిపాయి. నెలనెలా వచ్చే పింఛను, వజీఫా మీద బతుకుతున్న పెద్దమనిషి. నన్ను "బేటా" అని, ఆమెని "బిడ్డా" అని పిలిచేవాడు. ఒకరోజు ఆ కాలువల ఫోటో ఒకటి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బిడ్డా, గిది నాకిస్తవా? మస్తుగున్నది."

"తీసుకోండి చాచా. ఏం కనిపించింది మీకు?"

"దునియా కనిపించింది" అన్నాడాయన. ఆమె మురిసిపోయింది. దాని అర్థమేమిటో మేం అడగలేదు. అదే మా పొరపాటు.

జపాను లడాయిలోకి దిగిన ఏడు అది. ఆ క్రిస్మసుకి బందరు వెళ్లాం. ఆమె అయిదు పలకలు తీసింది. ఆరోది తీయబోతుంటే ఎవరో ఖాకీ బట్టలాయన వచ్చి, ఒడ్డున కెమెరా కూడదన్నాడు. ఆమె మూతపెట్టి వచ్చేసింది. వేసవి మొదట్లో కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని తెలిసింది. ఆ వైపు నుంచి చుట్టాలు మూటలతో దిగసాగారు. మన గుడి వెనక కందకం తవ్వారు. బేగంపేట ఏరోడ్రోం మనకి కూతవేటు దూరం. విమానం లేచినప్పుడల్లా మా వంటింటి డబ్బాలు గలగలమనేవి. నేను ప్రతిసారీ లేచి నిలబడేవాణ్ని. ఎందుకో నాకే తెలియదు. కూర్చుని ఉంటే బాంబు పడుతుందన్నట్టు, నిలబడితే పడదన్నట్టు.

ఒకనాడు మధ్యాహ్నం దఫ్తరులో ఉండగా చప్రాసీ వచ్చి, గేటు దగ్గర ఎవరో ముసలాయన అన్నాడు. వెళ్లి చూస్తే చాచా. అమీర్‌పేట నుంచి లక్డీకాపూల్ దాకా ఎండలో నడిచి వచ్చాడు. గడ్డం తడిసిపోయింది.

"గలత్ అయిపోయింది బేటా. నాదే గలత్."

"ఏమైంది చాచా?"

"చాయ్ హోటల్ల మాట్లాడుకుంట, మా టీచరమ్మ హవాయి జహాజ్ మీదికెళ్లి తీసిన ఫోటోలు చూడాలె, అసలు గోరా దొరలకు సుత రావన్న. బస్రాల కప్తాన్ సాబ్ టేబుల్ మీద గసుంటియే చూసిన నేను. జహాజ్ మీదికెళ్లే తీస్తరు. మెచ్చుకుంట తారీఫ్ చేసిన బేటా, కసమ్. ఎవడో పోయి పోలీస్ థానల చెప్పిండు. అమీన్ సాబ్ పొద్దుగాల నా ఇంటికొచ్చి ఆ ఫోటో తీస్కపోయిండు. మూడు గంటలకు మీ ఇంటికి వస్తడట. గాజుపలకలు, ఫోటోలు అన్ని బయట పెట్టుమన్నడు."

విమానంలోంచి తీసిన ఫోటోలని ఊళ్లో చెప్పాడన్నమాట. ఏరోడ్రోం పక్కన ఇల్లు. ఆమె సరిహద్దు అవతలి ఇంగ్లీషు ఇలాకా మనిషి. నిషేధించిన ఒడ్డున కెమెరాతో తిరిగింది. ఈ మూడూ ఒక కాగితం మీద వరుసగా రాస్తే ఎలా కనిపిస్తుందో తర్జుమా పని చేసేవాడికి వేరే చెప్పాలా? ఆమెని థానాకి తీసుకెళతారు. అక్కడి నుంచి బల్దాకి, పట్నంలోని పెద్ద అధికారుల దగ్గరికి. అక్కడి నుంచి సరిహద్దు దాటిస్తారో, జైల్లో పెడతారో. ఆమె కాలర్‌లేని జాకెట్టు, చేతిలో బైబిలు, జవాన్ల మధ్య నడక, అన్నీ కళ్లకి కట్టాయి. చాచాని అక్కడే వదిలి సైకిలెక్కాను.

పంజాగుట్టలో బడి ముందునుంచే రావాలి. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆమె గొంతు కూడా వినిపించింది. దిగి చెప్పాల్సింది. దిగలేదు. చెబితే వద్దంటుందని తెలుసు.

ఇంటికి వచ్చి పొయ్యి రాజేశాను. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, బట్టలుతికే సోడా వేశాను. అటక మీది పెట్టె దించాను. పలకలన్నీ విడివిడిగా కాగితం కవర్లలో ఉన్నాయి. కవర్ల మీద ఆమె పెన్సిలు రాత. చదవలేదు. కవర్లు ఒక పక్కకి, పలకలు నీళ్లలోకి వేశాను. కాసేపటికి పొర వదులైంది. పాలమీద మీగడ జరిగినట్టు బొమ్మ గాజు మీంచి జారి, ముడతలుపడి, గిన్నె అడుగుకి చేరింది. కొన్ని మొండికేస్తే కొబ్బరిపీచుతో రుద్దాను. తొమ్మిదేళ్ల నడకలు. మోరీలో పోశాను. నీళ్లు బూడిదరంగుగా పోయాయి. తాడు మీది ఫోటోలు పొయ్యిలో పెట్టాను. అంతసేపూ తలుపు వైపు చూస్తూనే ఉన్నాను.

ఆమె రెండున్నరకి వచ్చింది. చాచా బడికి కూడా వెళ్లి చెప్పాడట. వాకిట్లో వరుసగా ఆరబెట్టిన గాజుపలకలు చూసింది. వాటిలోంచి నేల తేటగా కనిపిస్తోంది. నా చేతులు చూసింది.

"బొటనవేలుది కూడానా?" అంది.

"అన్ని."

అప్పుడు అర్థమైంది నాకు. అది జానెడు ఇసుక మాత్రమేనని చూపించగలిగిన పలక అదొక్కటే. నేనే రుద్ది పోగొట్టాను.

నా చేతులు సోడాకి పొక్కిపోయాయి. ఆమె కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడే వీధిలో బూట్ల చప్పుడైంది.

ఆ థానా అధికారి అమీన్ సాబు చెడ్డవాడు కాడు. నలభై ఏళ్ల మనిషి. చక్కగా కత్తిరించిన మీసం. పక్కన ఒక జవాను, వెనక తల వంచుకుని చాచా. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చాచా దగ్గర తీసుకున్న ఫోటో బల్ల మీద పెట్టాడు.

"టీచరమ్మా, గిదేంది?"

"ఇసుకండి. అల వెనక్కి పోయాక మిగిలిన జాడ."

"ఇసుకనా!" వేలితో ఒక గీత వెంబడి పోయాడు. "గిది మన హుస్సేన్ సాగర్ల కలిసే నాలా కాదా? గీ పక్కన సాపుగున్నది ఏరోడ్రోం కాదా? గీ చిన్న చిన్న గుండ్లు ఇండ్లు కాదా?"

"అవి పీత చేసిన ఉండలండి. శనగగింజంత ఉంటాయి."

జవాను నవ్వబోయి ఆపుకున్నాడు. అమీన్ సాబు వాకిట్లోకి చూశాడు. ఒక పలక తీసి ఎండకి పట్టాడు. ఇంకొకటి తీశాడు. ఆయన మొహం మారిపోయింది.

"అన్ని కడిగిన్రు. ఎవరు కడిగిన్రు?"

నేను నోరు తెరిచాను. ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను, తెరిచాను. మాట రాలేదు. ఆమె నా వైపు చూడనేలేదు.

"నేనే కడిగానండి" అంది.

"ఎందుకు?"

"భయమేసింది."

"తప్పు చేసినోళ్లకు ఏస్తది భయం."

"చెయ్యనివాళ్లకే ఎక్కువ వేస్తుందండి. చేసినవాళ్లు ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకుంటారు."

అమీన్ సాబు చేతిలో పలకని తిరిగి నేల మీద పెట్టాడు. తర్వాత, "తయారు కాండ్రి, థానకు పోదాం" అన్నాడు. మా బల్ల మీది గడియారం ఎంత గట్టిగా కొట్టుకుంటుందో ఆరోజే విన్నాను.

"వస్తానండి. దారిలో వాగు దగ్గర ఒక్క అరగంట ఆగనివ్వండి. ఇదే బొమ్మ మీ కళ్లముందు చేసి చూపిస్తాను. కాకపోతే అటునుంచి అటే వస్తాను."

పంజాగుట్ట వైపు దిగే ఆ వాగు వేసవిలో సన్నగా పారుతుంది. ఒడ్డున ఇసుక మేట వేసి ఉంటుంది. అమీర్‌పేట బజారంతా చూస్తుండగా నడిచాం. ముందు ఆమె, చేతిలో బొక్కెన. వెనక అమీన్ సాబు, జవాను, చాచా. అందరికంటే వెనక నేను, కెమెరా, స్టాండు మోస్తూ. కొట్టు ముందు ఒకాయన, "ఏమైంది సాబ్?" అని అడిగాడు. నేను విననట్టు నటించాను. వాగు దాకా మూడు ఫర్లాంగులు. ఆమెతో కలిసి నేను నడిచే ఆఖరి దారి ఇదేనని ప్రతి అడుక్కీ అనుకున్నాను.

పొద్దు వాలింది. ఆమె ఏటవాలుగా ఉన్న తడి ఇసుక ఎంచుకుని, అరచేత్తో చదును చేసింది. బొక్కెనతో పైనుంచి మెల్లగా నీళ్లు పోసి, చేతులు వెనక్కి తీసుకుంది. నీరు ఇసుకలో ఇంకి, కింది నుంచి ఊరి, జారడం మొదలుపెట్టింది. ఏమీ కాలేదు. ఇంకో బొక్కెన పోసింది. ఏమీ కాలేదు.

"అయ్యిందా?" అన్నాడు అమీన్ సాబు.

"తొందరపడితే రాదండి."

మూడోసారి ఒక గీత పడింది. అది రెండైంది. చూస్తుండగానే వేళ్లు విచ్చుకున్నట్టు పాయలు పాయలుగా దిగింది.

"ఇప్పుడు గొంతుకు కూర్చోండి. ఒక కన్ను మూసుకోండి. ఇక్కడినుంచి చూడండి."

ఆయన కూర్చున్నాడు. కన్ను మూశాడు. చాలాసేపు లేవలేదు. చాచా కూడా పక్కన కూర్చుని చూశాడు.

"తౌబా తౌబా! ఇన్ని దినాలు హవాయి జహాజ్ అనుకున్న. గిది బొక్కెన నీళ్ల పనా!"

"మీరు జర చుప్ ఉండుండ్రి చాచా. మీ నోటికెళ్లే గింత దూరం వచ్చింది" అన్నాడు అమీన్ సాబు. కానీ గొంతులో గట్టితనం తగ్గింది. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "నాకు సమఝైంది టీచరమ్మా. బల్దాల పెద్దసాబ్‌కు ఎట్ల చెప్పాలె? ఆయన వాగు కాడికి రాడు. దీని ఫోటో తియ్యుండ్రి. పక్కన నా బూటు పడాలె. ఆ బూటు చూస్తే ఆయనకు తెలుస్తది."

కెమెరాలో బందరులో మిగిలిపోయిన ఆరో పలక ఒక్కటే ఉంది. కొత్తవి ఊళ్లో ఎక్కడా దొరకని రోజులు. అది కెమెరాలోనే ఉండబట్టి నా చేతికి చిక్కలేదు. చెడిపోతే ఇంకొకటి లేదు. ఆమె స్టాండు నాటి, నల్లగుడ్డ కప్పుకుని చూసింది.

"కొంచెం ఎడమకి పెట్టండి. తొక్కకండి, గట్టు తెగిపోతుంది."

అమీన్ సాబు జవాను భుజం పట్టుకుని, ఒక కాలు గాల్లో ఉంచి, కొంగలాగా వంగి, బూటు మెల్లగా ఇసుక మీద ఆనించాడు.

"హిల్తున్నరు సాబ్" అన్నాడు జవాను.

"నువ్వు హిల్తున్నవ్ బే!"

ఆమె నవ్వింది. అంత భయంలో నవ్వింది. ఆ తర్వాత మీట నొక్కింది.

ఇంటికి తిరిగొచ్చాక, పలక మారుస్తుందేమోనని అమీన్ సాబు స్నానాల గదిలోకి కూడా వచ్చాడు. తలుపు మూశారు. నేను బయట నిలబడ్డాను. నీళ్ల చప్పుడు, పళ్లెం కదిలిన చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. మందు పాతది. లడాయి మొదలైన తర్వాత కొత్తది కొనలేదు. బొమ్మ తేలకపోతే ఆ తలుపు తెరుచుకోగానే ఆమెని తీసుకెళతాడు. గోడకి చెయ్యి ఆనించాను. చేతి కింద గోడ తడిసింది.

లోపలినుంచి ఒక్క కేక వినపడింది.

"అరె! నా బూటు తెల్లగైంది!"

"కాగితం మీదికి వస్తే నల్లగవుతుందండి" అంటున్న ఆమె గొంతు. బడిలో పిల్లలకి చెప్పినట్టే ఉంది.

మర్నాడు ఫోటో తీసుకుని, దాంతోపాటు ఆ పలకని, చాచా ఫోటోని, కెమెరాని కూడా అమీన్ సాబు పట్టుకుపోయాడు. లడాయి అయ్యేదాకా కెమెరా థానాలోనే ఉండాలన్నాడు. మళ్లీ ఎవరూ రాలేదు. లడాయి అయ్యాక కెమెరా తిరిగొచ్చింది. తోలు మడతలు బొద్దింకలు తినేశాయి. ఆమె ఆ చెక్కపెట్టెలో సుద్దముక్కలు దాచుకుంది. అంతే, మళ్లీ ఫోటో తీయలేదు. సెలవులకి బందరు వెళ్లడం మాత్రం మానలేదు. ఒడ్డున నాలుగు మైళ్లు నడిచేది, వంగి చూసేది, ఆరుచోట్ల ఆగేది. స్టాండు లేకుండా నేను వెనక నడిచేవాణ్ని.

మీకు తెలిసిన సంగతి దగ్గరికి వస్తున్నాను. విచారణకి అమీన్ సాబు బడికి కూడా వెళ్లాడు. టీచరమ్మ పలకలన్నీ కడిగేసిందని అక్కడ తెలిసింది. మరుసటి ఏడు పెద్దపంతులమ్మ పదవి ఆమెకి రావాలి. బడి కమిటీలో ఒకరు అన్నారు, "తప్పు లేకపోతే ఎందుకు కడుక్కుంటది?" ఇంకొకరు, "పోలీసులొస్తరంటేనే అంత భయపడే మనిషి బడి ఎట్ల నడుపుతది?" అన్నారు. ఆ పదవి వేరొకరికి పోయింది. ఆ కమిటీలో నేనున్నాను. ఆ మాటలు అంటున్నప్పుడు అక్కడే, మూడో కుర్చీలో కూర్చుని ఉన్నాను. చెబితే అమీన్ ముందు అబద్ధమాడిందని మళ్లీ కేసు తిరగదోడతారేమోనని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు భయం.

ఇంటికొచ్చి, పదవి రాలేదని చెప్పాను.

"పోన్లెండి. మూడో తరగతి పిల్లలు నన్ను వదలరు" అంది.

"నువ్వెందుకు చెప్పినవ్ ఆనాడు, నేనే కడిగిన అని?"

"మీ చేతులు చూశారా అప్పుడు? ఆయన చూసేలోపు చెప్పాలి కదా."

ఏడేళ్లు ఆ మాట ఆమె మీదే ఉండిపోయింది. స్త్రీల కూటంలో ఎవరో నవ్వుతూ, "టీచరమ్మకి భయమెక్కువ" అనేవారు. ఆమె కూడా నవ్వేది. ఆమెకి తన కోసం భయం వేయగా నేను చూడలేదు. నా కోసం వేయడం చాలాసార్లు చూశాను.

ఆస్పత్రిలో జ్వరం కాస్త దిగిన పూట ఆమెతో అన్నాను. "సంఘంల చెప్త. కడిగింది నేనని."

"ఎందుకండీ ఇప్పుడు?"

"నీ పేరు."

"నా పేరుకేం, బాగానే ఉంది." కాసేపు కళ్లు మూసుకుంది. "చెబితే మీకు తేలికవుతుందనుకుంటే చెప్పండి. నా కోసమైతే వద్దు."

ఎవరి కోసమో నాకు ఇప్పటికీ తేలలేదు. వచ్చే ఆదివారం మీ మధ్య కూర్చోవాలి. అయినా రాస్తున్నాను. పలకలు కడిగింది నేను. భయపడింది నేను. ఆమె ఎవరికీ భయపడలేదు, దేన్నీ దాచలేదు. ఆమె ఆడగా నేను విన్న అబద్ధం ఆ ఒక్కటే.

ఆరోజు అమీన్ సాబు వెళ్లాక ఏమైందో ఎవరికీ తెలియదు. పొద్దు ఇంకా ఉంది. ఆమె వాకిట్లో చాప వేసుకుని కూర్చుంది. ఆరిన గాజుపలకలన్నీ ఒడిలోకి తీసుకుంది. నేను పక్కకి పడేసిన కాగితం కవర్లు కూడా దగ్గర పెట్టుకుంది. ఒక్కొక్క పలక తీసి, అంచు వేలితో తడిమి చూసి, దాని కవరులో దాన్ని పెడుతోంది. అన్నీ ఒకేలా ఉన్నాయి నాకు. ఉత్త గాజు.

"ఏది ఏదో ఎట్ల తెలుస్తున్నది?" అని అడిగాను.

"దీనికి ఈ మూల చిన్న పెచ్చు ఊడింది. ఇది పీత ఉండలది. ఇదేమో రైల్లో పగిలింది, ఇదిగో ఈ గీత. ఇది అల ఆగిన చోటు." కవరులో పెట్టి మడత నొక్కింది. "కూర్చోండి. అంచులు పదును, మీరు ముట్టుకోకండి. చేతులు అసలే పుండ్లు."

అన్నీ అయ్యాయి. ఒక పలక, ఒక కవరు మిగిలాయి. ఆ రెండూ ఒకదానికొకటి చెందినవే అయ్యుండాలి. కవరు మీద ఏం రాసి ఉందో ఆమె చూడలేదు. బోర్లా పెట్టింది. పలక నాలుగంచులూ తడిమింది. ఏ గుర్తూ తగల్లేదు. ఆకాశానికి ఎత్తిపట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి, అది ఏ ఉదయానిదో గుర్తు తెచ్చుకుంటూ వెలుతురు పోయేదాకా అలాగే కూర్చుంది.